యాభై ఏడు మాటల పనితనం

మత్తయి సువార్త గ్రీకు మూలంలో ఆ ప్రార్థన 57 మాటలు. లూకా సువార్తలో ఇంకా పొట్టిది, 38 మాటలే. నింపాదిగా చెప్పుకున్నా అర నిమిషం పట్టదు. తెలుగునాట ప్రొటెస్టెంట్లు దాన్ని పరలోక ప్రార్థన అంటారు, ప్రభువు నేర్పిన ప్రార్థన అంటారు. కతోలికులకు అది పరలోక జపం. మిషన్ బళ్లలో చదువుకున్న హిందువులకూ ముస్లిములకూ కూడా పొద్దుటి అసెంబ్లీ పుణ్యమా అని అది నోటికొచ్చు. నోటికొచ్చిన దాన్ని చెవి వినడం మానేస్తుంది. అదే చిక్కు. అందుకని భక్తి సంగతి కాసేపు పక్కనుంచి, దాన్ని ఒక రచనగా చదివి చూద్దాం. ఏది ముందు పెట్టారు, ఏది వెనక పెట్టారు, వాక్యం ఎక్కడ తిరగబడింది, ఏది అసలు చెప్పకుండా వదిలేశారు. మాటలు పాఠకులకు తెలిసినవే కనుక ఇక్కడ మళ్లీ రాయడం లేదు.

ముందు అది ఎక్కడ కూర్చుందో చూడాలి. లూకా 11వ అధ్యాయంలో శిష్యుడొకడు వచ్చి, యోహాను తన శిష్యులకు నేర్పినట్టు మాకూ ప్రార్థన నేర్పమంటాడు. అడిగితే దొరికిన జవాబు అది. మత్తయిలో ఎవరూ అడగలేదు. అక్కడ అది ఆరో అధ్యాయంలో, కొండమీది ప్రసంగం మధ్యలో వస్తుంది. దానధర్మం, ప్రార్థన, ఉపవాసం, ఈ మూడింటినీ నలుగురి మెప్పు కోసం చేసేవాళ్లను యేసు ఎత్తిపొడుస్తున్న చోటు అది. ప్రార్థన దగ్గరికి వచ్చేసరికి రెండు రోగాలు పట్టుకుంటాడు. ఒకటి వీధి మొగల్లో నిలబడి చేసే ప్రదర్శన. రెండోది, ఎక్కువ మాట్లాడితే దేవుడు ఎక్కువ వింటాడనే నమ్మకం. ఆ వెంటనే నమూనా ఇస్తాడు. మాటలు తగ్గించమన్న గురువు తను తగ్గించి చూపించాలి కదా, చూపించాడు.

ఆ మొదటి రోగానికి చెప్పిన మందు గదిలోకి వెళ్లి తలుపు వేసుకోమని. ఆ మాట ఏకవచనంలో, ఒక్కొక్కడికీ విడిగా చెప్పినట్టుగా ఉంటుంది. మరి తలుపు వేసుకున్నాక పలకమన్న ప్రార్థనలో 'నేను' ఎక్కడా లేదు. వెతికి చూడండి, ఒక్క చోటైనా కనబడదు. 'మేము, మా, మాకు, మమ్ము' అనే అర్థాలిచ్చే రూపాలు మాత్రం ఆ 57 మాటల్లో తొమ్మిది సార్లు వస్తాయి. మూసిన గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషి నోట కూడా బహువచనమే పలుకుతుంది. తన ఒక్కడి పళ్లెంలోకి అన్నం అడుక్కోవడానికి వ్యాకరణం ఒప్పుకోదు. 3వ శతాబ్దంలో కార్తేజి బిషప్పు సిప్రియాను ఈ ప్రార్థన మీద ఒక పుస్తకమే రాశాడు. మనం ఒక్కరి కోసం కాక జనమంతటి కోసం అడుగుతున్నామన్న సంగతి అతను ఆనాడే గట్టిగా పట్టుకున్నాడు.

ఇక పిలుపు. మన శతకాల్లో మకుటం పద్యం చివర వస్తుంది, నూరు పద్యాల్లోనూ వస్తుంది. కవి పొగిడినా, నిష్ఠూరమాడినా, రాజుల్ని తిట్టిపోసినా, నాలుగో పాదంలో ఆ పేరు దగ్గరికి వచ్చి ఆగాల్సిందే. ఆ మళ్లీ మళ్లీ పిలవడంలో ఒక ఆత్రం ఉంది, అదే శతకానికి అందం. ఇక్కడ పద్ధతి వేరు. పిలుపు మొట్టమొదట ఒక్కసారి, అంతే. తర్వాత మళ్లీ పేరెత్తడం ఉండదు, బిరుదులు ఉండవు, గుణగణాల వర్ణన ఉండదు. పాత నిబంధనలో దేవుణ్ణి పిలిచే సంబోధనలు తరచూ పొడుగాటివి: ఫలానా పితరుల దేవుడని, ఆకాశాన్నీ భూమినీ చేసినవాడని. ఇక్కడ ఆ బంధుత్వపు పిలుపు ఒకటి, దాని పక్కన ఉండే చోటు ఒకటి. తండ్రి అన్నది ఎంత దగ్గరో, పరలోకం అన్నది అంత దూరం. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ముందుకు సాగిపోతాడు. లూకాలో ఆ చోటు మాట కూడా లేదు, తండ్రి అనడంతోనే సరి.

పిలిచేవాడు కూడా తన సంగతి చెప్పుకోడు. మన పూజల్లో సంకల్పం చెప్పేటప్పుడు కాలం, దేశం, నది, గోత్రం, నక్షత్రం, పేరు అన్నీ వస్తాయి. అడిగేవాడెవరో, ఎక్కడ నిలబడి అడుగుతున్నాడో స్పష్టం కావాలన్నది అక్కడి నియమం. ఈ ప్రార్థనలో అడిగేవాడికి ఊరూ పేరూ లేవు. ఎవరు పలికితే వాళ్లది.

మొదటి మూడు కోరికల దగ్గర గ్రీకు వాక్యాన్ని కాస్త చెవితో వినాలి. నామం, రాజ్యం, చిత్తం. మూడు వాక్యాలకూ సరిగ్గా నాలుగేసి మాటలు. మూడూ క్రియతో మొదలవుతాయి, మూడూ 'నీ' అనే మాటతోనే ముగుస్తాయి. మధ్యలో 'మరియు' లాంటి అతుకు లేదు. ఒకదాని మీద ఒకటి నేరుగా వచ్చి పడతాయి. మన తెలుగు బైబిలులోనూ మూడింటి చివరా 'గాక' వస్తుంది కాబట్టి, ఆ అంత్యప్రాస తెలియకుండానే మన చెవికీ అందింది. 1941లో సిమోన్ వెయ్ అనే ఫ్రెంచి తత్వవేత్త ద్రాక్ష కోతకు కూలిగా వెళ్లింది. యూదు కుటుంబంలో పుట్టిన మనిషి. అప్పుడు ఈ ప్రార్థనను గ్రీకులోనే బట్టీపట్టి, కోత కోస్తూ చెప్పుకునేది. మధ్యలో మనసు ఏ కాస్త పక్కకు పోయినా మళ్లీ మొదట్నుంచి చెప్పుకునేదట. 57 మాటలు కాబట్టి ఆ పట్టుదల సాధ్యపడింది. అందులో ఏ మాటా ఊరికే లేదు కాబట్టి ఆ పట్టుదలకు అర్థమూ ఉంది.

ఈ మూడు కోరికల సరుకు కొత్తదేమీ కాదు. దేవుని నామం గొప్పదవాలనీ ఆయన రాజ్యం రావాలనీ యూదుల కద్దీష్ ప్రార్థనలోనూ పక్కపక్కనే అడుగుతారు. పాత దినుసుతో కొత్త కట్టడం కట్టడం తక్కువ పనేం కాదు. ఇక్కడి కొత్తదనం వరసలో ఉంది. దేవుడి దగ్గరికి వచ్చినవాడు సహజంగా ముందు తన కష్టం చెప్పుకుంటాడు. కూతురి పెళ్లి, పంట, జ్వరం. అది తప్పని ఎవరూ అనరు. ఈ ప్రార్థన మాత్రం ఆ మనిషిని గుమ్మంలో ఆపి, ముందు అవతలివాడి పక్షాన మూడు కోరికలు కోరిస్తుంది. అవీ ఎలాంటి క్రియలతో? నువ్వు చెయ్యి అని ఆజ్ఞ లేదు, మేం చేస్తామని మాట ఇవ్వడం లేదు. జరగాలి అనడమే. చేసేవాడెవరో తేల్చకుండా వదిలేశారు. ఆ వదిలేసిన జాగాలో దేవుడూ ఉండొచ్చు, పలికినవాడూ ఉండొచ్చు. చిత్తం నెరవేరాలని రోజూ పలుకుతూ, దానికి చిటికెన వేలైనా కదపనివాడికి ఆ వ్యాకరణంలో దాక్కోవడానికి చోటు తక్కువ.

మూడో కోరిక చివర ఆకాశాన్నీ భూమినీ కలిపే చిన్న పదబంధం ఉంది. పైన ఎలాగో కింద కూడా అలాగే అని దాని భావం. చిత్తానికే అతికించి చదవడం మనకు అలవాటు. 3వ శతాబ్దపు పండితుడు ఓరిజను అది మూడు కోరికలకూ చెల్లవచ్చునన్నాడు. నామం పైన ఎలా గొప్పదో కింద అలాగే, రాజ్యం పైన ఎలా నడుస్తోందో కింద అలాగే. ఇలా చదివితే ఆ పదబంధం పని రెట్టింపవుతుంది. అంతవరకూ పైకి చూస్తున్న ప్రార్థన అక్కడ భూమి అన్న మాట మీద కాలు పెడుతుంది. గ్రీకు వరసలో ఆ సగానికి అదే ఆఖరి మాట. భూమి అనగానే, ఆ పక్క మాట రొట్టె.

ఇక్కడ వాక్యం తిరగబడుతుంది. అప్పటిదాకా క్రియలు ముందుండేవి. ఇప్పుడు అడిగే వస్తువు ముందుకొచ్చింది, ఇవ్వమన్న క్రియ వెనక్కి పోయింది. ఆకలిగొన్నవాడు అడిగే తీరు అదే, ముందు అన్నం పేరెత్తుతాడు. ఆరు కోరికలనండి, ఏడనండి, రొట్టె మాత్రం నట్టనడుమ ఉంది. దేవుని రాజ్యానికీ పాప క్షమాపణకూ మధ్య తిండి. కొందరు పాత వ్యాఖ్యాతలకు ఇది కొంచెం నామోషీగా అనిపించినట్టుంది. ఇంత ఉన్నతమైన ప్రార్థనలో మామూలు రొట్టెనా అని, అది ఆత్మకు పెట్టే ఆహారమన్నారు. ఓరిజను ఆ దారే పట్టాడు. నాకది రుచించదు. రొట్టెను రొట్టెగా ఉంచితేనే ఈ కట్టడం నిలుస్తుంది. పైనున్న మూడు కోరికలు మనిషిని ఎత్తుకు తీసుకుపోయాయి. కడుపు గుర్తుచేసే ఈ ఒక్క మాట లేకపోతే కిందికి రాలేడు.

పైగా ఎంత అడగాలో కొలత కూడా ఉంది. ఈ పూటకు చాలినంత. నిర్గమకాండంలో అరణ్యంలో కురిసిన మన్నాకు ఇదే నియమం: ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, రేపటికని దాచుకుంటే పురుగుపడుతుంది. సామెతల గ్రంథం చివర్లో ఒకాయన పేదరికమూ వద్దు ఐశ్వర్యమూ వద్దు, తగినంత తిండి చాలంటాడు. ఈ రెండు జ్ఞాపకాలూ తెలిసిన యూదు శ్రోతకు ఒక్క వాక్యంలో మొత్తం అందివుంటుంది. మత్తయి ఇవ్వమని ఒక్కసారి అడిగే క్రియ వాడి, ఈ రోజుకు అన్నాడు. లూకా ఇస్తూ ఉండమనే క్రియ వాడి, రోజురోజుకూ అన్నాడు. ఒకరిది దినకూలీ లెక్క, ఒకరిది సంసారం లెక్క.

దినకూలీ లెక్క తెలుగువాళ్లకు వివరించనక్కరలేదు. 1876-78 కరువులో ఒంగోలు ప్రాంతం ఆకలితో అల్లాడినప్పుడు, అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడు మైళ్ల పైచిలుకు పనిని కాంట్రాక్టుకు తీసుకుని, పస్తులున్న కూలీలకు పనీ కూలీ ఇప్పించాడు. కూడు కోసం మతం పుచ్చుకున్నారనే మాట రాకూడదని, సాయం నడిచిన కాలంలో బాప్తిస్మాలు ఆపేశాడు. ఆ తర్వాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది తరతరాలుగా ఊరవతల బతికిన మాదిగలు. వాళ్లు నేర్చుకున్న ప్రార్థనలో రాజ్యం పక్కన తిండి ఉంది. అది ఆత్మాహారమని వాళ్లకు ఎవరైనా చెప్పారో లేదో గానీ, నేడు అన్న మాటకు వాళ్ల దగ్గర ఉన్నంత బరువు పండితుల దగ్గర ఉండదు.

రొట్టె తర్వాత నుంచి ప్రార్థన నడక మారుతుంది. మొదటి సగంలో లేని 'మరియు' ఇక్కడ వస్తుంది. రొట్టె ఇవ్వు, మరియు క్షమించు, మరియు శోధనలోకి తేకు. ఒక అవసరాన్ని పట్టుకుని ఇంకొకటి వస్తుంది. తిండి దొరికినంత మాత్రాన మనిషి పని తీరలేదని ఆ చిన్న అతుకే చెబుతుంది.

క్షమాపణ కోరికలోనే ఈ ప్రార్థన పనితనమంతా ఉందని నా అభిప్రాయం. మిగతా ప్రార్థనంతా దేవుడు చేయాల్సినవి, లేదా జరగాల్సినవి. ఇక్కడ ఒక్కచోట మాత్రం పలికేవాడు తను చేసిన పనిని చెప్పుకుంటాడు. అదీ గొప్పగా కాదు, ఒక కొలబద్దగా. తనకు బాకీపడ్డవాళ్లను తను వదిలినట్టే తన బాకీనీ వదలమంటాడు. ప్రోనోటు మీద వేలిముద్ర వేసినట్టే ఇది. అప్పటిదాకా అర్జీ పెట్టుకున్నవాడు ఈ వాక్యం పలకగానే ఒప్పందంలో ఒక పక్షమైపోతాడు. చదివి వేసినా చదవకుండా వేసినా వేలిముద్ర వేలిముద్రే.

బాకీ అన్నది మత్తయి వాడిన మాటే. లూకా మనిషికి రావలసిన క్షమాపణ దగ్గర పాపం అని, మనిషి ఇచ్చే క్షమాపణ దగ్గర మాత్రం బాకీనే ఉంచాడు. ఆనాటి గలిలయ శ్రోతకు బాకీ అలంకారం కాదు. ధర్మశాస్త్రం ప్రకారం ఏడో ఏట అప్పులు వదిలేయాలి. ఏడో ఏడు దగ్గరపడితే షావుకార్లు అప్పివ్వడం మానేసేవారు. ఆ ఇబ్బంది తీర్చడానికి హిల్లేలు అనే రబ్బీ 'ప్రొజ్బుల్' అనే పత్రం ప్రవేశపెట్టాడు. దాంతో ఏడో ఏడు దాటినా అప్పు వసూలు చేసుకోవచ్చు. ఉద్దేశం మంచిదే, కానీ బాకీ మాత్రం బతికి ఉంటుంది. క్రీ.శ. 66లో యెరూషలేములో తిరుగుబాటు లేచినప్పుడు, తిరుగుబాటుదారులు ముందుగా చేసిన పనుల్లో ఒకటి అప్పుపత్రాలున్న దస్తావేజుల భవనాన్ని తగలబెట్టడం. చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. అలాంటి నేల మీద, బాకీలు వదిలేశామని రోజూ దేవుడి ముందు చెప్పమనడం ఊరికే ఆత్మశుద్ధి కోసం చెప్పిన మాటలా వినిపించి ఉండదు.

తెలుగు వాక్యం దీనికి మరో బిగింపు చేర్చింది. గ్రీకులో ముందు క్షమించమని అడిగి, తర్వాత మేం క్షమించినట్టు అనే ఉపవాక్యం వస్తుంది. తెలుగులో 'ప్రకారము' అన్నది క్రియ కంటే ముందే రావాలి, లేకపోతే వాక్యనిర్మాణం ఒప్పుకోదు. అందువల్ల తెలుగు భక్తుడు తన క్షమాపణను ముందు బల్ల మీద పెట్టి, ఆ తర్వాతే తనకు కావలసింది అడుగుతాడు. ఎవరూ అనుకుని చేసింది కాదు, భాష తనంతట చేసిన మేలు.

ఈ వాక్యం ఎంత ఇబ్బంది పెట్టేదో చెప్పడానికి ఒక సాక్ష్యం ఉంది. 5వ శతాబ్దపు సన్యాసి జాన్ కేసియను రాసిన సంభాషణల్లో వస్తుంది. గుడిలో జనమంతా కలిసి ఈ ప్రార్థన గొంతెత్తి చెబుతుంటే, కొందరు ఈ ఒక్క భాగం దగ్గరికి రాగానే నోరు మూసుకునేవారట. తమ మాటలే తమను కట్టేస్తాయన్న భయం. వాళ్లను దొంగభక్తులని తిట్టడం తేలిక. కానీ ఆ ప్రార్థనను చెవులు పెట్టి విన్నవాళ్లు వాళ్లేనేమో అనిపిస్తుంది నాకు.

ప్రార్థన ముగిశాక మత్తయి ఏం చేశాడో కూడా చూడాలి. మన స్తోత్రాలకు చివర ఫలశ్రుతి ఉంటుంది. ఇది రోజూ చదివినవాడికి ధనధాన్యాలు, ఆయువు, సంతానం, చివరికి మోక్షం. ఇక్కడా ప్రార్థన అయ్యాక రెండు వచనాలు ఉన్నాయి, 14, 15. ఆ చోటులో ఫలశ్రుతి రావలసింది, వచ్చింది తిరగేసిన ఫలశ్రుతి. చదివితే ఇది వస్తుందని లేదు. మీరు మనుషుల్ని క్షమిస్తే మీకూ క్షమాపణ, క్షమించకపోతే లేదు. నామం గురించి వ్యాఖ్య లేదు, రాజ్యం గురించి లేదు, రొట్టె గురించి లేదు. అన్ని కోరికల్లోనూ వివరణ అవసరమని తోచింది ఈ ఒక్కదానికే. 18వ అధ్యాయంలో మళ్లీ కథగా చెబుతాడు. రాజుకు పదివేల తలాంతులు బాకీపడ్డ దాసుడు, మాఫీ అయ్యి బయటికి రాగానే, తనకు నూరు దేనారాలు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. తలాంతు ఆరు వేల దేనారాలని లెక్కేస్తే, మాఫీ అయిన బాకీ తనకు రావాల్సిన దానికి ఆరు లక్షల రెట్లు. దేనారం అప్పట్లో ఒక రోజు కూలి. ఆ గొంతు పట్టుకున్న చెయ్యి ఎంత చిన్నదో ఆ అంకె చెబుతుంది.

శోధన కోరిక మీద వాదం చాలా జరిగింది. దేవుడే మనిషిని శోధనలోకి తీసుకెళ్తాడా అని. దేవుడు ఎవరినీ అలా శోధించడని యాకోబు పత్రిక చెబుతుంది కదా. 2017లో పోప్ ఫ్రాన్సిస్ కూడా వాడుకలో ఉన్న అనువాదాల మీద తన అసంతృప్తి చెప్పారు. ఆ డిసెంబరులోనే ఫ్రెంచి కతోలికులు తమ పాఠం మార్చుకున్నారు. ఆ వాదాన్ని బైబిలు పండితులకు వదిలేస్తాను. రచన వైపు నుంచి నాకు ఆసక్తి కలిగించేది దాని వినయం. 26వ కీర్తనలో భక్తుడు నన్ను పరీక్షించి చూడు, శోధించి చూడు అని దేవుణ్ణే పిలుస్తాడు. అది నిండు మనసుతో అన్న మాటే. ఈ ప్రార్థన సరిగ్గా దానికి ఎదురు నిలబడుతుంది. పరీక్ష పెట్టకు, మేం తప్పుతామని మాకు తెలుసు అంటుంది. ప్రార్థనంతటిలో వద్దు అనే మాట ఉన్న కోరిక ఇదొక్కటే.

మత్తయి గొప్ప పనివాడని తెలిసేది 26వ అధ్యాయంలో. గెత్సెమనే తోట. ఆ రాత్రే పేతురు, అందరూ వదిలేసినా తాను మాత్రం వదలనని గొప్పలు పలికాడు. కాసేపటికి నిద్రపోతున్నాడు. శోధనలో పడకుండా ప్రార్థన చెయ్యండని యేసు వాళ్లను లేపి చెబుతాడు. అది ఆరో అధ్యాయంలోని ఆఖరి కోరికే. తాను కాస్త దూరం వెళ్లి తండ్రీ అని పిలుస్తాడు. రెండోసారి ప్రార్థించినప్పుడు ఆయన నోట వచ్చే మాటలు, గ్రీకులో, చిత్తం గురించిన ఆ నాలుగు మాటలే, అక్షరం మారకుండా. లూకా తన ప్రార్థనలో చిత్తం కోరికే చేర్చలేదు. గెత్సెమనే ఘట్టంలో అతను వాడిన క్రియారూపం కూడా వేరు. అంటే ఈ కలయిక మత్తయి పని. కొండ మీద పదిమందికి నేర్పిన ప్రార్థనను, నేర్పినవాడి చేతే చీకట్లో ఒంటరిగా చెప్పించాడు. ఒక్క తేడా ఉంది. అక్కడ మా తండ్రి, ఇక్కడ నా తండ్రి. ఆ రాత్రి పక్కన మేల్కొని ఉన్నవాళ్లు లేరు మరి, బహువచనానికి.

వదిలేసినవాటి లెక్క కూడా తీయాలి. క్రైస్తవులందరూ కలిసి పలికే ఈ ప్రార్థనలో క్రీస్తు పేరు లేదు. సిలువ లేదు, పునరుత్థానం లేదు, సంఘం లేదు. ఒక యూదుడు అభ్యంతరం లేకుండా పలకగలడు. శత్రువుల మీద శాపం లేదు. కీర్తనల్లో అవి బోలెడు. పిల్లల కోసం, వాన కోసం, జబ్బు నయం కావడానికి విడిగా అడగలేదు. కృతజ్ఞత కూడా మాటల్లో లేదు. తెర్తుల్లియను అనే లాటిన్ రచయిత 3వ శతాబ్దం మొదట్లోనే ఇది సువార్త మొత్తానికి సంక్షిప్త రూపమన్నాడు. సంక్షిప్తమే, కానీ చాలా ముఖ్యమైనవి బయటపెట్టిన సంక్షిప్తం. అందుకేనేమో ప్రతి తరమూ తన కొరతను అందులో కొంచెం నింపుకుంటూ వచ్చింది.

అన్నిటికంటే బాగా తెలిసిన నింపుడు చివర్లో ఉంది. మత్తయి పాఠం చెడు అన్న మాట మీద ఠక్కున ఆగిపోతుంది. తండ్రితో మొదలై దుష్టత్వంతో ఆగే ప్రార్థన. 4వ శతాబ్దపు పేరుపొందిన రెండు ప్రతులు, సీనాయి ప్రతి, వాటికను ప్రతి, అక్కడే ఆగాయి. నాకైతే ఆ ఆగడమే ఇష్టం. కానీ గుడిలో నలుగురితో పలికేవాళ్లకు ఆ మాట మీద నోరు మూయడం కష్టమైంది. రాజ్యం, బలం, మహిమ నీవేనంటూ ఒక స్తుతి వచ్చి చేరింది. దినవృత్తాంతాల మొదటి గ్రంథం 29వ అధ్యాయంలో దావీదు చేసిన స్తుతికి అది దగ్గరి చుట్టం. తొలినాటి సంఘం చేతిపుస్తకం డిడాకే ఈ ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పమంటుంది. అందులో స్తుతి ఉంది గానీ రాజ్యం మాట లేదు, బలమూ మహిమే. స్తుతి కుదురుకోవడానికి కొంత కాలం పట్టిందన్నమాట.

మన ఊళ్లలో పెళ్లిళ్లకూ సమాధి కార్యక్రమాలకూ రెండు శాఖలవాళ్లూ కలిసినప్పుడు ఈ చరిత్ర వినబడుతుంది. అందరూ ఒకే ఊపులో వస్తూ, చెడు దగ్గరికి వచ్చేసరికి కతోలికులు ఆమెన్‌కు సిద్ధపడతారు, ప్రొటెస్టెంట్లు రాజ్యంలోకి సాగిపోతారు. ఒక క్షణం గందరగోళం. 1969లో సవరించిన కతోలిక పూజాక్రమంలో ఆ స్తుతిని కూడా తెచ్చుకున్నారు గానీ ప్రార్థనకు అతికించలేదు. ముందు జనం చెడు మీద ఆగాలి. గురువు ఒక చిన్న ప్రార్థన చెప్పాలి. ఆ తర్వాతే జనం స్తుతి అందుకుంటారు.